వాన డబ్బాలో మూడు పొద్దుల నీళ్లు

జనగామలో నా చదువు ఆగిపోయిన మరుసటి ఏడాది నాకు వాన కొలిచే పని అంటగట్టారు. చదువు ఆగింది అరవై తొమ్మిదిలో. తెలంగాణ కావాలని పిల్లలు రైలు పట్టాల మీద కూర్చున్నారు, బస్సులు బందయ్యాయి, కాలేజీకి తాళం పడింది. నా ట్రంకు పెట్టె ఎడ్లబండిలో వేసుకుని దేవరుప్పుల అవతల ఉన్న మా ఊరికి వచ్చాను. నాలుగు రోజుల్లో మళ్లీ పోతాననుకున్నాను. ఏడాది పోయాక కాలేజీ తెరిచారు గాని మా బాపు నన్ను పంపలేదు. "సదివిన కాడికి సాలు తియ్" అన్నాడు. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన కరగలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చి పట్టేట్టుందని వాన డబ్బా తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

బాపు మా ఊరి పటేలు. సర్కారు ఎప్పుడో మా వాకిట్లో చిన్న సిమెంటు గద్దె కట్టి, అందులో ఆ డబ్బాను నిలబెట్టి, చుట్టూ ముళ్లతీగ వేసి పోయింది. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లను గీతల గ్లాసులో పోసి, ఎన్ని గీతలు వస్తే అన్ని పుస్తకంలో రాయాలి. వాన లేకపోతే సున్న. నెలాఖరుకు ఆ లెక్క కాగితం మీద ఎక్కించి, బాపు సంతకంతో జనగామ తాసిల్ ఆఫీసుకు పంపాలి. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్లకు అదొక్కటే డబ్బా. మా వాకిట్లో పడ్డదే ఆ ఊళ్లన్నిటి వాన. బాపు దాని సంగతి చుట్టాలకు చెప్పుకున్నంత గొప్పగా నా మార్కుల సంగతి ఎన్నడూ చెప్పుకోలేదు.

అప్పటికే ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. గ్లాసు మీద గీతలు కనబడేవి కావు. ఆ మాట ఆఫీసుకు తెలియనివ్వలేదు, ఊరికీ తెలియనివ్వలేదు. నేను కొలిచేదాన్ని, నేను రాసేదాన్ని. నేను వేలు పెట్టి చూపించిన చోట ఆయన సంతకం పెట్టేవాడు.

ఏడాదికోసారి డబ్బాను చూసిపోవడానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. కోస్తా మనిషి. బాపు కొలిస్తే నేను రాస్తున్నానని అనుకునేవాడు. నేను నోరు తెరవగానే నా యాస విని వెంట ఉన్న జవాను వైపు చూసి నవ్వేవాడు. ఒకసారి నేను సున్న పక్కన 'మబ్బు పట్టింది, పక్క ఊళ్లో పడింది' అని రాసి ఉండటం చూశాడు. దానికి పావుగంట తిట్టాడు.

"గ్లాసులో ఏముంటే అదే రాయాలండీ. మీ కబుర్లు ఎవరికి కావాలి? ఆకాశం చూసి రాసేటట్టయితే గవర్నమెంటు మీకు గ్లాసెందుకు ఇచ్చింది?"

జవాను కూడా నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత ఆ పుస్తకంలో అంకె తప్ప ఒక్క అక్షరం రాయలేదు.

ఉద్యమం చల్లారిన మూడేండ్లకు వానలు ముఖం చాటేశాయి. మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర కార్తె పోయింది. చెరువు నెర్రెలు విచ్చింది. పోసిన నారు మడిలోనే ఎండిపోయింది. నేను రోజూ తాళం తీసి, ఖాళీ సీసాను చూసి, సున్న చుట్టి, తాళం వేసేదాన్ని. ఆ సున్నలు ఒకదాని కింద ఒకటి పేజీ దిగి రెండో పేజీలోకి పోయాయి. పొద్దున పుస్తకం తెరవాలంటే చేతులకు బద్ధకం వచ్చేది.

మా ఇంట్లో పాత జొన్నలు గాదె నిండా ఉన్నాయి. మా పొలాల్లో పనిచేసే కింది వాడకు ఆ ధీమా లేదు. నాట్లు లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే పొయ్యి లేదు. ఆ వాడలో ఒక ముసలమ్మ ఉండేది. నాట్ల గుంపుకు పెద్దదిక్కు. చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని తిరిగిందట, ఆ చనువుతో మా బాపు ముందు కూడా నన్ను 'బిడ్డా' అనేది. ఆమెకు ఒక కొడుకు, కోడలు, నాలుగేండ్ల మనుమరాలు. ఆ ఏడు అందరి నోటా ఒకటే మాట. జనగామలో కరువు ఊళ్ల పట్టీ తయారవుతోంది. అందులో మా ఊరు పడితే చెరువు పూడిక తీసే పని పెడతారు, కూలికి జొన్నలిస్తారు. పడకపోతే వాడ మొత్తం ఊరు విడవాల్సిందే.

బాపు నా పెండ్లి మాటలకని మానుకోట పోయిన మూడు రోజుల్లో ఊరి ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. వాన కోసం మా దిక్కు చేసే పనే అది. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి, ఇద్దరు ఆడవాళ్లు దాన్ని భుజాల మీద మోసుకుంటూ ఇంటింటికీ వస్తారు. ప్రతి ఇంటి ఆడది బయటికి వచ్చి కప్ప మీద నీళ్లు పోయాలి. అప్పటికి తాగే నీళ్లకే అర మైలు పోతున్నాం. అయినా ఎవరూ చేయి వెనక్కి తీయలేదు. మా వాకిట్లో మా అమ్మ బిందెతో పోసింది. అంతా అయ్యాక ముసలమ్మ ముళ్లతీగ దగ్గర ఆగింది.

"గిదేందే బిడ్డా, గిది నోరు తెరుసుకొని గిట్ల ఎండుతున్నది?"

"వాన డబ్బా గదా. నీకు తెల్వదా?"

"తెల్వకేంది. రోజు తాళం తీస్తవు, ఉత్త సీస సూస్తవు, సున్న సుడుతవు. ఉత్త కుండ మొగులు దిక్కు మొకం పెట్టి ఇంటి ముంగట ఉండొద్దే. సర్కారోళ్లకు తెల్వకపోతే మనకన్న తెల్వద్దా? జర నీళ్లు పోస్త, తాళం తియ్."

మా ఇండ్లల్లో ఖాళీ బిందె బోర్లించకుండా ఎవరూ పెట్టరు. కరువులో అయితే మరీ. నాకు ఆ మాట వింతగా అనిపించలేదు. వద్దనడానికి నోరు రాలేదని చెబితే అది అబద్ధం. వద్దనాలని అనిపించలేదు. తాళం తీశాను. ముసలమ్మ కప్ప మీద పోయగా మిగిలిన నీళ్లు దోసెడు పోసింది. మా అమ్మ కొంచెం, కోడలు కొంచెం. మర్నాడు పొద్దున వచ్చి మళ్లీ పోశారు. మూడోనాడు కూడా.

ఆ డబ్బా మూతి జానెడు కూడా ఉండదు. అంత చిన్న మూతిలో అర చెంబు నీళ్లు పోస్తే గ్లాసు లెక్కలో అది కుంటలు తెగే వాన. మొదటి పొద్దున గ్లాసు నింపి పారబోసి, మళ్లీ నింపి పారబోసి, పుస్తకం ముందు కూర్చున్నాను. ముసలమ్మ ముళ్లతీగ అవతల నిలబడి చూస్తోంది.

"రాయి బిడ్డా. వాన అని నీ చేతితోని రాయి. రాస్తే ఇని వస్తదేమో."

రాశాను. మూడు పొద్దులూ రాశాను.

ఎందుకు రాశావని నన్ను నేను ఇన్నేండ్లలో ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. గ్లాసులో ఉన్నదే రాయమన్నాడు గదా ఆ కోస్తా ఆయన, అదే చేశాను అని కొన్నాళ్లు చెప్పుకున్నాను. నన్ను చదువు మాన్పించిన బాపు మీద కసి అని కొన్నాళ్లు. అవన్నీ తర్వాత అల్లుకున్నవి. కాలేజీ దాకా చదివిన నేను, ఆ మూడు పొద్దులూ, రాస్తే వస్తుందని నమ్మాను. ఆ ముసలమ్మ ఎంత నమ్మిందో నేనూ అంతే నమ్మాను.

రాలేదు. బాపు మానుకోట నుంచి వచ్చాడు, సంబంధం కుదరలేదని విసుక్కున్నాడు. నెలాఖరుకు కాగితం ఆయన ముందు పెట్టాను. వేలు పెట్టి చోటు చూపించాను. సంతకం పెట్టాడు. చెబుదామని ఉంది, తిడతాడని భయం. ఆ కాగితాలు ఏదో బీరువాలో పడి చెదలకు పోతాయనే నేననుకునేదాన్ని. కరువు పట్టీ వేసేవాళ్లు పొలాలు తిరిగి, పంటను చూసి వేస్తారనుకున్నాను.

పట్టీ వచ్చింది. మా ఊరు లేదు. మా డబ్బా కింద ఉన్న ఊళ్లు ఒక్కటీ లేవు.

బాపు ఆ రోజే బస్సెక్కి జనగామ పోయాడు. తాసిల్దారు టేబుల్ మీద గుద్ది అడుగుతానని చెప్పి పోయాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. మా అమ్మ ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు.

"క్లర్కు మన కాయిదం తీసి సదివి ఇనిపిచ్చిండు," అన్నాడు. "మూడు దినాలు సక్కగ కుండపోత పడ్డదట. కింద నా సంతకం. పటేలా, మీ ఊరికెల్లి పడవ మీద వచ్చినవా అని నవ్విండు వాడు. ఆఫీసు ఆఫీసంత నవ్వింది."

నేను చెప్పేశాను. మా అమ్మ తల ఎత్తలేదు. బాపు నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"మల్ల పోదాం బాపు. నేనే వచ్చి చెప్త. తప్పయిందని రాసిస్త."

"ఏమని రాసిస్తవ్? కప్ప మీది నీళ్లు కొలిసిన అని రాస్తవా? మా బాపుకు కండ్లు కనబడయి, సూడకుంటనే సంతకం పెడ్తడని రాస్తవా? ఇయ్యాల్టికి నవ్విండ్రు, రేపు పటేల్గిరి గుంజుకుంటరు."

"వాడోళ్లు ఊరిడుస్తరు బాపు."

"ఇడుస్తే ఇడుస్తరు. వానలు పడ్డంక వాళ్లే వస్తరు."

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. విడిపించుకుని లోపలికి పోయాడు. నేను ఒక్కదాన్నే జనగామ పోయి చెప్పి ఉండాల్సింది. బస్సు రోజుకు రెండుసార్లు మా ఊరి మీదుగానే పోయేది. ఇరవై రెండేండ్లదాన్ని, చదవడం రాయడం వచ్చినదాన్ని. పోలేదు. బాపు మీద ఎంత కోపమున్నా ఈ ఒక్క సంగతి ఆయన మీదికి తోయలేను.

వాడ కదిలిన పొద్దున ముసలమ్మ చెప్పిపోదామని వచ్చింది. మానుకోట మీదుగా కొత్తగూడ అడవికి పోతున్నామని, అక్కడ బీడీల తునికాకు కోసే పని దొరుకుతుందంటున్నారని చెప్పింది. తునికాకు ఎండాకాలంలో కోస్తారని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. వాకిట్లో డబ్బా వైపు ఒకసారి చూసింది.

"మేము పోసుట్ల తప్పున్నది బిడ్డా. పిసినారోళ్ల లెక్క దోసెడు దోసెడు పోస్తిమి. కడుపునిండ పోసుంటే వచ్చునేమో."

పట్టీ పోయింది నా రాత వల్లేనని చెప్పలేదు. గాదెలోంచి రెండు మానికల జొన్నలు తీసి కొంగులో పోశాను. ఆమె దండం పెట్టింది. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

పన్నెండేండ్లు గడిచాయి. నాకు పెండ్లయి జనగామలోనే కాపురం పడింది. అమ్మ పోయింది, ఆ వెనకే బాపూ పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు పటేల్గిరీలనే సర్కారు తీసేసింది. ఏ కుర్చీ పోతుందని ఆయన నోరు మూసుకున్నాడో, ఆ కుర్చీ ఊళ్లన్నిట్లోనూ ఒక్కసారే పోయింది.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి ఒక పరిశోధకుడు జనగామ వచ్చాడు. చిన్న వయసు, సన్నని మనిషి. మనలాంటి బీద దేశాల్లో వాన తప్పితే బీదవాళ్లకు ఎంత నష్టం, దానికి సర్కారు ముందుగానే ఏం చేయాలి అన్నది ఆయన చదువు. ఊళ్లు తిరిగి ప్రశ్నలడిగే మనుషులు కావాలంటే నేను చేరాను. ఆ కరువు ఏడు ఏమి అమ్ముకున్నారు, ఇంట్లో ఎవరు ఊరు విడిచారు, తిరిగి వచ్చారా, ఇవీ ప్రశ్నలు. ఆయన ఆలోచన నాకు బాగా నచ్చింది. పట్టీలు, దరఖాస్తులు, పటేళ్ల సిఫారసులు ఏవీ ఉండొద్దంటాడు. వాన ఫలానా గీతకు దిగితే చాలు, ఎవరూ అడగకుండానే ఆ ఊళ్లో పని మొదలు కావాలంటాడు. ఢిల్లీలో కూడా ఈ మాట వింటున్నారని చెప్పాడు. మంచివాడు. దుర్మార్గుడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఒకరోజు మార్కెట్టు దగ్గరి ఆయన గదిలో పెద్ద కాగితం పరిచాడు. మీద చుక్కలు, వాటి నడుమ నుంచి ఒక గీత.

"అమ్మా, ఇది చూడండి. ఒక్కో చుక్క ఒక్కో వాన డబ్బా కింది ఊళ్లు. వాన తగ్గినకొద్దీ ఊరు విడిచినవాళ్లు పెరిగారు. అన్నీ గీత దగ్గరే ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడికో పోయింది. మీ డబ్బా కింది ఊళ్లే."

ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టి చెప్పసాగాడు.

"వాన కుండపోతగా పడిన ఏడే మీ ఊళ్లో ఒక వాడ మొత్తం ఖాళీ అయింది. అంటే వీళ్లు పోయేది కరువుకు కాదు. బయటి కూలి రుచి మరిగి పోతున్నారు. ఇలాంటి చోట పనులు పెట్టినా ప్రయోజనం లేదు. దీని మీద ఒక అధ్యాయమే రాస్తున్నాను."

వారం రోజులు ఆయన గదికి పోలేదు. ఆ తర్వాత ఒక పొద్దున పోయి, నిలబడే మొత్తం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ మూడు అంకెలు కొట్టేయండి సార్," అన్నాను.

"నేను కొట్టలేనమ్మా. అది సర్కారు పుస్తకం. మీ మాట మీద ఈ మూడు కొట్టేస్తే రేపు ఎవరి మాట మీదనైనా ఏదైనా కొట్టాలి. ఆ నీళ్లు పోసినవాళ్లలో ఒకరితో కాగితం రాయించి తీసుకురండి. నా పుస్తకంలో చేరుస్తాను."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పెద్ద భాషలో నేనే కాగితం రాసుకున్నాను. రైల్లో మానుకోట పోయాను. స్టేషను బయట బస్తాలు మోసే మా ఊరతను ఒకడు కనబడ్డాడు. ముసలమ్మ కొత్తగూడలోనే పోయిందని, కొడుకూ కోడలూ భూపాలపల్లిలో బొగ్గుబావుల దగ్గర మట్టి పనికి పోయారని చెప్పాడు. రెండు బస్సులు మారి భూపాలపల్లిలో దిగాను. ఎక్కడ చూసినా తవ్విపోసిన మట్టి, రేకుల గుడిసెలు. అడుగుతూ పోతే మధ్యాహ్నానికి కోడలు దొరికింది. నాకన్నా చిన్నది, నాకన్నా పెద్దదానిలా ఉంది. తట్ట పక్కన పెట్టి నన్ను గుర్తుపట్టింది.

"ఏందక్కా, గింత దూరం వచ్చినవ్?"

మా ఊళ్లో నన్ను అక్కా అనేది కాదు. నాకు సంతోషమే అయింది. చెట్టు కింద కూర్చుని అంతా చెప్పాను. డబ్బా, గ్లాసు, బాపు సంతకం, పట్టీ. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది.

"మా అత్త సచ్చేదాంక గదే ఏడ్సింది," అన్నది. "తక్కువ పోసినం, తక్కువ పోసినం అని. నా బిడ్డ అడివి జరంతోని పోయిన్నాడు సుత గదే అన్నది."

ఆ నాలుగేండ్ల పిల్ల పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. అయినా కాగితం బయటికి తీశాను.

"దీని మీద ఏలిముద్ర ఎయ్యాలె. పుస్తకంల తప్పు పోతది. గప్పుడు మన ఊర్లె కరువున్నదని అందరికి తెలుస్తది."

"నాకు తెల్వదా ఉన్నదని? దాంట్ల ఏమని రాసున్నది, సదువు."

చదివాను. 'మేము తెలియక సర్కారు డబ్బాలో నీళ్లు పోసి, తప్పుడు లెక్కకు కారణమైతిమి.' చదువుతుంటేనే నాకు మాట తడబడింది. ఆమె నా ముఖం వైపే చూస్తోంది.

"మేము కారణమైనమా?"

నేను కాగితం మడత పెట్టబోయాను.

"మేము దేవునికి పోసినం. ఆయన ఇనకపోతే గది మాకు ఆయనకు నడుమ. వాన పడ్డదని రాసింది నువ్వు. దాని మీద సంతకం మీ బాపుది. ఏలు నన్ను ఎయ్యమంటున్నవ్."

గట్టిగా కూడా అనలేదు. మేస్త్రీ పిలిస్తే తట్ట ఎత్తుకుని లేచింది. నాలుగడుగులు పోయి, ఆఖరి బస్సు ఐదింటికని, పొద్దు పోకముందే బయలుదేరమని చెప్పింది.

ఇంటికి వచ్చి ఆ కాగితం చింపేశాను. కొత్తది రాశాను. నీళ్లని తెలిసే వాన అని రాశానని, బాపుకు కళ్లు కనబడేవి కావని, ఏండ్ల తరబడి లెక్క నాదని, సంతకం మాత్రమే ఆయనదని. కింద నా పేరు రాసి పరిశోధకుడి చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ నెలలోనే పట్నం పోయాడు.

మూడు నెలలకు ఆయన ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. నా నిజాయితీకి కృతజ్ఞతలు ఉన్నాయి. సంతకం ఒకరిది, కొలత మరొకరిది కాబట్టి ఆ డబ్బా లెక్కలు ఏ ఏటివీ నమ్మదగినవి కావని పెద్దలు నిర్ణయించారట. అందువల్ల మా ఊరినీ, ఆ డబ్బా కింది మిగతా ఊళ్లనూ పరిశీలన నుంచి తొలగించారట. పుస్తకం అచ్చుకు పోయిందట. వాన లెక్క సరిగా ఉన్న ఊళ్లలో పథకం ముందుగా పెట్టి చూస్తారట.

నేను చుట్టిన నిజం సున్నలు కూడా ఆ మూడు అంకెలతోపాటే పోయాయి. పది పన్నెండు ఊళ్లు వాన ఉన్న వైపూ లేవు, లేని వైపూ లేవు. భూపాలపల్లిలో ఆమె అడిగినదానికి జవాబుగా, తప్పు దిద్దానని ఒక్క మాట చెప్పుకోవచ్చని ఆ కాగితం రాశాను. ఇప్పుడు ఏం జరిగిందో ఆమెకు చెప్పాలి. చెప్పాల్సిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. జనగామ నుంచి నాలుగు గంటల దారి. నేను ఇంతవరకు ఆ బస్సు ఎక్కలేదు.